లోపలి పొర

సోమవారం ఉదయం ఎనిమిదీ పదికి ప్లానింగ్ ఆఫీసరు రెండో నంబరు ఆపరేషన్ థియేటర్లోకి అడుగుపెట్టేసరికి రోగి అప్పటికే మత్తులో ఉన్నాడు. ఛాతీ దగ్గర పెద్ద డాక్టరు, ఎడమ చేతి దగ్గర నిదానమ్మ అప్పుడే పని మొదలుపెడుతున్నారు. ఆఫీసరుకి ఆ గది కొత్త. మూతికి గుడ్డ కట్టుకున్నాక తన ఊపిరే ఆవిరై కళ్ళజోడుని కమ్మేస్తోంది. తుడుచుకుందామని చెయ్యి ఎత్తబోయేవాడు. ఏదీ ముట్టుకోవద్దన్న నర్సు మాట గుర్తొచ్చి దించేసేవాడు.

అతను వచ్చిన పని ఒక్కటే. ఆ థియేటర్లో రోజుకి ఒక గుండె ఆపరేషనే అవుతోంది. రెండు చెయ్యాలని ఆసుపత్రి పట్టుదల. బయట నాలుగు నెలలుగా వంతు కోసం ఎదురుచూస్తున్న జనం ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు వంతు రాకముందే పోయారు. సమయం ఎక్కడ పోతోందో నిమిషాల్లో లెక్కగట్టి శుక్రవారం మీటింగులో చెప్పమన్నారు అతన్ని. నిజానికి ఎక్కడ పోతోందో అందరికీ తెలుసు. కాగితం మీద పెట్టే మనిషి కావాలి, అంతే.

నిదానమ్మ అన్నది ఆమె పేరు కాదు. ఎదురుగా అందరూ అక్కా అని పిలిచేవాళ్ళు. తలుపు అవతలికి వెళ్ళాక నిదానమ్మ అనేవాళ్ళు. పెద్ద డాక్టరుకి ఆపరేషన్లో సహాయకురాలు. యాభై దాటిన మనిషి, సన్నటి చేతులు. గుండె రక్తనాళాలు పూడుకుపోయినవాళ్ళకి ఆ పూడిక పక్కనుంచి కొత్త దారి వెయ్యాలంటే ఒంట్లోనే ఇంకో చోటి నుంచి నాళం తియ్యాలి. పెద్ద డాక్టరు ఛాతీ గోడ లోపలి ధమనిని తను తీసుకుంటాడు. ముంజేతిలోని ధమనిని తీసి ఆయన చేతికి ఇవ్వడం నిదానమ్మ పని.

రోగి చెయ్యి పలక మీద చాపి, అరచెయ్యి పైకి ఉండేలా కట్టి ఉంది. మోచేతికి కాస్త కింద నుంచి మణికట్టు దాకా కోత. కండలు రెండు పక్కలకీ జరిపి ఉన్నాయి. మధ్యలో పసుపచ్చని కొవ్వులో ధమని, దానికి అటూ ఇటూ రెండు సన్నటి సిరలు. ఆమె ధమని జోలికి వెళ్ళడం లేదు. పక్కనున్న కొవ్వుని ఫోర్సెప్స్ పట్టకారు కొసతో పట్టుకుని, నిద్రపోతున్న పసిబిడ్డని పక్కగుడ్డతో సహా ఎత్తినట్టు, ఆ మూడింటినీ కలిపి పైకి తెస్తోంది. ధమని నుంచి చీలిన వెంట్రుకంత కొమ్మ కనబడినా ఆగుతుంది. దానికి రెండు చిన్న క్లిప్పులు వేస్తుంది, మధ్యలో కత్తిరిస్తుంది. తర్వాత గోరువెచ్చటి మందులో తడిపిన గుడ్డని దాని మీద కప్పి చేతులు వెనక్కి తీసుకుంటుంది. ఊరికే చూస్తూ నిలబడుతుంది.

అలా నిలబడిన ప్రతిసారీ ఆఫీసరు తన టాబ్లెట్‌లో ‘ఖాళీ సమయం’ అని ఉన్న గడిని నొక్కాడు. ఏడుసార్లు నొక్కాడు.

తొమ్మిది దాటింది. పెద్ద డాక్టరు తన పని ముగించి చేతులు గుండెల ముందు కట్టుకున్నాడు.

“నేను గుండె దాకా వచ్చేశాను. మీరింకా మోచేతి దగ్గరే ఉన్నారా అక్కా?” అన్నాడు.

నర్సులు నవ్వారు. మూతులు కనబడకపోయినా కళ్ళు చెప్పేశాయి. త్వరగా కానివ్వండి, అన్నాడాయన మళ్ళీ, ఈసారి నవ్వకుండా. ఆఫీసరు సరిగ్గా చూద్దామని రెండడుగులు ముందుకు వేసి ఆమె భుజం పక్కకి వచ్చి నిలబడ్డాడు. టాబ్లెట్ మీద అంకెలు పరిగెడుతున్నాయి. ఆమె ఒకసారి తల తిప్పి వాటిని చూసి మళ్ళీ వంగింది.

కొద్దిసేపటికి ధమని పూర్తిగా విడివడింది. ఇక కోసి ఇవ్వడమే అనుకుంటుండగా ఆమె తలెత్తింది.

“సార్, మణికట్టు వైపు రెండంగుళాలు వద్దు. పైన ఇంకా ఉంది, తీసి ఇస్తాను.”

“ఎందుకు? చూడ్డానికి బానే ఉందిగా.”

“బయటికి బానే ఉంది,” అంది ఆమె, అప్పటికే మోచేతి వైపు వంగి.

డాక్టరు పైకప్పు వైపు చూశాడు. కోతని పైకి పెంచి, కొవ్వుని జరిపి, ఇంకో మూడు కొమ్మలకి క్లిప్పులు వేసి, ఆ పై ముక్కని కూడా విడదీసి ఇచ్చేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. ‘చేసిన పనే మళ్ళీ: పదకొండు నిమిషాలు’ అని రాసి ఆఫీసరు కింద గీత గీశాడు. మొత్తం డెబ్భై నాలుగు.

మంగళవారం చేతి దగ్గర ఇంకొకతను ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళవాడు. ఎక్స్‌ప్రెస్ అని పిలిస్తే పలికేవాడు, ఆ పిలుపు అంటే ఇష్టం కూడా. లోపలికి వస్తూనే నర్సుని, పాపకి జ్వరం తగ్గిందా అని అడిగాడు. ఆఫీసరుకి నిలబడటానికి వీలైన చోటు చూపించాడు. కోత పెట్టాక అతని చేతులు ఆగలేదు. ధమనిని నేరుగా పట్టుకుని ఎత్తడం, కొమ్మ కనబడగానే క్లిప్పు, కత్తెర, ముందుకి. చూడముచ్చటగా ఉంది. ధమని బిగుసుకుని సన్నబడితే మందు నింపిన సిరంజి ఒక చివర పెట్టి గట్టిగా నొక్కాడు. అది ఉబ్బి నున్నగా తయారైంది. ఎక్కడా కారడం లేదని చూపించి డాక్టరు చేతిలో పెట్టాడు. ముప్ఫై ఒక్క నిమిషాలు. డాక్టరు ఇంకా ఛాతీలోనే ఉన్నాడు. భలే, అన్నాడు.

ఆ సాయంత్రం ఆఫీసరు ఇంట్లో కుర్చీలో కూర్చుని ఈ రెండు రోజుల సంగతీ చెప్పాడు. అతని భార్య బళ్ళో లెక్కలు చెబుతుంది. పరీక్ష పేపర్ల కట్ట ఒళ్ళో పెట్టుకుని దిద్దుతూనే వింది. డెబ్భై నాలుగూ ముప్ఫై ఒకటీ అన్నాక ఇక చెప్పేదేముంది, పాపం ఆవిడకి వేరే పని ఇస్తారు, వార్డుల్లో ఏదో ఒకటి, అన్నాడు.

“ఆ పదకొండు నిమిషాలూ ఎందుకు పట్టిందో అడిగారా?”

“అది నా పని కాదుగా.”

ఆమె ఎర్ర పెన్నుతో ఒక పేపరు మీద సున్నా చుట్టబోయి ఆగింది. జవాబు తప్పయినా మధ్యలో లెక్క ఎలా చేశాడో చూడకుండా సున్నా వేస్తే పిల్లాడు మర్నాడు వచ్చి నిలదీస్తాడు, నాకు అనుభవమే, అని రెండు మార్కులు వేసింది. అన్నం తింటున్నంతసేపూ ఆఫీసరుకి గీత గీసిన ఆ లైను కళ్ళముందు ఆడింది.

బుధవారం పది గంటలకి నిదానమ్మ కోసం అడిగితే, గుండె వార్డులో ఉంటుందన్నారు. ఆరో మంచం దగ్గర ఉంది. మంచం మీద ఉన్నది సోమవారం రోగి, బస్సు డ్రైవరు. కట్టు కట్టిన ఎడమ చేతిని ఆమె తన అరచేతిలో పెట్టుకుని ఒక్కో వేలికొసనీ నొక్కి వదులుతోంది. తెల్లబడిన గోరు మళ్ళీ ఎర్రబడేదాకా చూసి, తర్వాతి వేలికి వెళ్తోంది. వేళ్ళు మూయమంది, తెరవమంది. బొటనవేలి వెనకాల తిమ్మిరిగా ఉందంటే, అది కొన్నాళ్ళు ఉంటుంది, భయపడకు, అంది. తీసేసిన ధమని పని చిటికెన వేలి వైపు ఉన్న ఇంకో ధమని చూసుకుంటుందని, అందుకే ఆపరేషన్‌కి ముందురోజే రెండింటినీ నొక్కి పరీక్ష చేశామని వివరించింది.

డ్రైవరు గొంతు ఇంకా నీరసంగానే ఉంది గానీ నోరు ఊరుకోలేదు.

“జనం గుండెల మీద చెయ్యి వేసుకుని పడుకుంటారు కదక్కా. నాకు ఏకంగా చేతిలోదే గుండెలో పెట్టారు. ఇక ఎంత హాయిగా నిద్రపడుతుందో చూడాలి.”

పక్కనే స్టూలు మీదున్న అతని భార్య, నవ్వించకండి, నవ్వితే కుట్లు లాగుతాయి, అని మొగుణ్ణి కసిరి, వదినా మీరైనా చెప్పండి, అంది నిదానమ్మతో. రెండు రోజుల్లోనే వరస కలిపేసుకుంది. నిదానమ్మ సిగరెట్ల సంగతి అడిగింది. మానేశాడన్నాడు. ఎప్పుడు, అంది. ఆదివారం, అన్నాడు. ఆపరేషన్ సోమవారమైంది మరి. ఆమె నవ్వలేదు.

“పొగ ముందు తినేది గుండెని కాదు తమ్ముడూ. నాళం లోపలి పొరని. అది పాడైతే నొప్పి తెలియదు. ఏళ్ళ తర్వాత ఎప్పుడో తెలుస్తుంది. నీకు కొత్తగా వేసిన దానికి మంచి పొరే ఉంది, నేను చూసే ఇచ్చాను. కాపాడుకోవడం నీ వంతు.”

డ్రైవరు తన కట్టు వైపు చూసుకున్నాడు.

వరండాలోకి వచ్చాక ఆఫీసరు తన సంగతి చెప్పి, సోమవారం ఆ రెండంగుళాలూ ఎందుకు వద్దన్నారని అడిగాడు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు, పదండి, చెప్పడం కన్నా చూపించడం తేలిక, అంది ఆమె.

ల్యాబు మెట్ల కింది గదిలో ఉంది. ఆపరేషన్లో మిగిలిపోయిన చివరి ముక్కలని పరీక్షకి పంపడం ఆ ఆసుపత్రిలో పాత అలవాటే. పంపేవాళ్ళు ఉన్నారు గానీ వచ్చి చూసేవాళ్ళు లేరు. నిదానమ్మ ఒక్కతే వారానికోసారి వచ్చేది. ధమని ముక్కని చీపురుపుల్ల చీల్చినట్టు నిలువునా కత్తిరించి, లోపలి వైపు పైకి వచ్చేలా పరిచి, నాలుగు మూలలా సూదులు గుచ్చి, వెండి ద్రావకం పోసి కడుగుతుందిట. వెలుతురు తగిలితే కణాల అంచులు నల్లగా తేలతాయిట. సూక్ష్మదర్శిని కింద ఒక గాజు పలక పెట్టి, చక్రం తిప్పి, జరిగి చోటిచ్చింది.

ఆఫీసరు కళ్ళజోడు తీసి వంగాడు. మొదట మబ్బు. తర్వాత ఒక్కసారిగా తేటపడింది. సన్నటి నల్లగీతల వల. ఆ గీతల మధ్య కోలగా, పక్కపక్కనే ఒదిగి, ఒకే వైపు తల పెట్టుకుని పడుకున్నట్టు వేల కణాలు. చేప పొలుసుల్లా ఉన్నాయి గానీ ఒకదాని మీద ఒకటి ఎక్కలేదు. అంచుకి అంచు ఆనించి ఉన్నాయి. ఎక్కడా సందు లేదు. ఇవన్నీ ఒకే వైపు ఎందుకు తిరిగి ఉన్నాయని అడిగాడు.

“రక్తం పోయే వైపు అది. అవి తెలుసుకుంటాయి.”

దాని మందం ఒక్క కణం అని చెప్పింది ఆమె. ఒక్క వరస, అంతే. నాళం గోడలో బలమంతా వెనకున్న కండదీ, నారదీ. కానీ రక్తాన్ని తాకేది ఈ ఒక్క వరసే. ఇది ఉన్నంతసేపూ రక్తం గోడకి అంటుకోదు, గడ్డకట్టదు. కొవ్వు లోపలికి దూరబోతే అడ్డం పడుతుంది. రక్తం ఉరవడి పెరిగితే పసిగట్టి, వెనకున్న కండకి వదులవమని కబురు పంపుతుంది, నాళం వెడల్పవుతుంది. మనం మెట్లెక్కినప్పుడల్లా, పరిగెత్తినప్పుడల్లా, కోపం తెచ్చుకున్నప్పుడల్లా ఒళ్ళంతా అదే పని. ఎవరికీ తెలియదు దాని సంగతి. అది పోయిన చోట గోడ మొరటుబారుతుంది, రక్తం అతుక్కుంటుంది, కొవ్వు చేరుతుంది, దళసరెక్కి దారి మూసుకుపోతుంది. గుండెలో పూడికలు మొదలయ్యేది కూడా ఇక్కడే. అలాంటి పొరని ఫోర్సెప్స్‌తో ఒక్క నొక్కు నొక్కితే చాలు, లేచిపోతుంది. సిరంజి పెట్టి బలంగా ఉబ్బించినా చిట్లిపోతుంది. బిగుసుకున్నప్పుడు వెచ్చటి గుడ్డ కప్పి ఆగితే తనంత తనే వదులవుతుంది. వేరే దారి లేదు, ఆగాలి, అంది.

ఖాళీ సమయం అని తను ఏడుసార్లు నొక్కిన సంగతి ఆఫీసరుకి గుర్తొచ్చింది.

ఆమె రెండో పలక పెట్టింది. ఇందులోనూ అదే వల. కానీ మధ్యలో అడ్డంగా ఒక పట్టీ మేర గీతలు లేవు. కణాలు లేవు. గీకేసినట్టు బోసిగా, ముదురు గోధుమరంగులో కింది గోడ కనబడుతోంది. అంచుల్లో కొన్ని కణాలు సగం ఊడి మడతబడి ఉన్నాయి. ఆఫీసరు ఎంతసేపు చూశాడో తెలియదు. ల్యాబు గుమ్మంలోంచి నర్సు పిలిస్తే, మూడో మంచం ఆవిడకి చెయ్యి వాచిందట, వస్తాను, అని ఆ రెండో పలక సంగతి చెప్పకుండానే నిదానమ్మ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు రెండు పలకలూ చెక్కపెట్టెలో వాటి గళ్ళల్లో పెట్టి, మూత మీద ధూళి చేత్తో తుడిచింది.

గురువారమంతా ఆఫీసరు రిపోర్టు రాశాడు. మొదట రాసినది మొత్తం కొట్టేశాడు. వేగంగా తీసిన ధమనుల్లో లోపలి పొర దెబ్బతింటోందని, ఇవాళ మిగిలిన నిమిషాలు రేపు రోగి గుండెలోంచి పోతాయని రాశాడు. ల్యాబులో అడిగి ఆ రెండు పలకల ఫొటోలూ తీయించుకున్నాడు. ఎక్స్‌ప్రెస్ పేరు రాయలేదు గానీ మంగళవారం, ముప్ఫై ఒక్క నిమిషాలు అని రాశాడు. ఎవరికైనా తెలుస్తుంది. ఒక మనిషికి జరగబోయిన అన్యాయాన్ని ఆపుతున్నానన్న ఉత్సాహంతో అతని వేళ్ళు టకటకా నడిచాయి.

శుక్రవారం నాలుగింటికి మీటింగు గదిలో పదిమంది దాకా కూర్చున్నారు. పెద్ద డాక్టరు తలుపు దగ్గరి కుర్చీలో, నిదానమ్మ కిటికీ పక్కన, ఎక్స్‌ప్రెస్ గోడకి ఆనుకుని. ఆఫీసరు మొదటి ఫొటో తెర మీద వేసి, ఇది జాగ్రత్తగా తీసిన ధమని లోపలి పొర అన్నాడు. రెండోది వేసి, ఇది హడావుడిగా తీసినది అన్నాడు. వెంటనే మంగళవారం అంకెలు వచ్చాయి. తలలు గోడ వైపు తిరిగాయి. ఎక్స్‌ప్రెస్ ముఖంలో రక్తం లేదు.

నిదానమ్మ లేచి నిలబడింది.

“అది అతనిది కాదు. రెండూ నావే.”

ఆఫీసరుకి అర్థం కాలేదు. మొదటిది పోయిన వారం తీసినది, రెండోది సోమవారానిది, అంది ఆమె. ఎవరి మీదా నిష్ఠూరం లేని గొంతు, కొలత చెబుతున్నట్టు ఉంది.

“ఈయన నా భుజం దగ్గరకొచ్చి నిలబడ్డారు. అంకెలు చూశాను. చూస్తూ ధమనిని పట్టేసుకున్నాను, నేరుగా, ఫోర్సెప్స్‌తో. ఇరవై రెండేళ్ళలో అలా చెయ్యలేదు. చేతికి తెలిసిపోయింది. అందుకే ఆ రెండంగుళాలూ వద్దన్నాను. ఈ ఫొటో ఆ ముక్కదే.”

పెద్ద డాక్టరు ముందుకి వంగాడు. ఆ డ్రైవరుకి పెట్టినది మాత్రం బానే ఉంది కదా అని అడిగాడు. బావుంది, పై చివర ముక్క కూడా చూశాను, పొర చెక్కుచెదరలేదు, అంది. అప్పుడే చెప్పి ఉండాల్సింది కదా, అన్నాడాయన.

“చెప్పేదాన్నే. త్వరగా కానివ్వమన్నారు మీరు. నోరు తెరిస్తే అదొక రెండు నిమిషాలు.”

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. డాక్టరు నవ్వలేదు. ఆఫీసరు తెర మీది ఫొటో తీసేద్దామని చూస్తే మౌస్ కనబడలేదు, చేతి కిందే ఉంది. మరి మంగళవారానిది ఎలా ఉంది, అని చివరికి అతనే అడిగాడు, చాలా చిన్నగా.

“నేను చూడలేదు. చూడను కూడా. ఎవరి ముక్క వాళ్ళే చూసుకోవాలి. ఇంకొకరిది చూస్తే తప్పులు పట్టడం వస్తుంది గానీ పని రాదు.” ఎక్స్‌ప్రెస్ వైపు తిరిగింది. “నీ చేతుల్లో ఉన్న చురుకు నాకు ఏనాడూ లేదు నాయనా. అది పోగొట్టుకోమని ఎవరూ అనరు. ఒక్కసారి లోపలికి చూడు, చాలు.”

ఆఫీసరు లేచి, ఎక్స్‌ప్రెస్‌కి క్షమాపణ చెప్పాడు. అడగకుండా రాశాను, అన్నాడు. ఎక్స్‌ప్రెస్ తల ఊపాడు గానీ అతని చూపు ఇంకా తెర మీదే ఉంది.

మీటింగు ఏ తీర్మానమూ లేకుండానే లేచింది. మిగతావాళ్ళు వెళ్ళిపోయాక నలుగురూ మెట్లు దిగి ల్యాబుకి వెళ్ళారు. ముందు పెద్ద డాక్టరు చూశాడు. వేల గుండెలకి ఈ నాళాలని కుట్టినవాడు. పుస్తకంలో ఈ పొర గురించి ఎన్నో పేజీలు చదివినవాడు. కంటికి ఆనించి చాలాసేపు కదలలేదు. చక్రం తిప్పుతున్న వేలు మధ్యలో ఆగిపోయింది. దీన్నా నేను రోజూ కుట్టేది, అన్నాడు ఎవరితోనూ కాకుండా.

ఎక్స్‌ప్రెస్ తన మంగళవారం ముక్క ఉందా అని అడిగాడు. సీసాలో ఉంది, ఇంకా రంగు వెయ్యలేదు, గంట పడుతుందని ల్యాబువాళ్ళు చెప్పారు. ఉంటాను, అని అతను స్టూలు లాక్కున్నాడు. కత్తెర తనకే ఇమ్మన్నాడు. నిలువునా ఎలా చీల్చాలో నిదానమ్మ గాలిలో వేలితో చూపించింది, చెయ్యి మాత్రం వెయ్యలేదు. మొదటి కోత దగ్గర అతను ఆగాడు. ముక్కని దగ్గరగా చూసుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.

పెద్ద డాక్టరు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

“ఇక నుంచి నాకన్నా ముందే మీరు మొదలుపెట్టండి. ఛాతీ తెరిచేసరికి సగం అయిపోవాలి, ఎవరూ ఎవరికోసమూ ఆగక్కర్లేదు. సోమవారం ఎన్నింటికి మొదలుపెడితే మీకు సరిపోతుందక్కా?”

ఇరవై రెండేళ్ళలో ఆ ప్రశ్న తనని ఎవరూ అడగలేదన్నట్టు ఆమె కొంచెం తడబడింది. చేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంది.

“సోమవారం మనిషి ఎవరో నాకింకా తెలియదు సార్. ముందు ఆ చెయ్యి చూడాలి. చూసి చెప్తాను.”

ఆఫీసరు టాబ్లెట్ తెరిచాడు. వచ్చే వారం జాబితాలో థియేటర్ నంబరు, రోగి, డాక్టరు అన్నీ నింపి ఉన్నాయి. మొదలయ్యే సమయం అన్న గడిలో ఎనిమిదీ పది అని ఎప్పటిలాగే దానంతట అదే వచ్చి ఉంది. దాన్ని చెరిపాడు. గడి ఖాళీగా ఉంటే ఆ యంత్రం ఒప్పుకోదు, ఎర్రగా మెరుస్తూ నింపమంటుంది. అతను దాన్ని అలాగే మెరవనిచ్చి, నిదానమ్మ వెనకాలే వార్డు వైపు నడిచాడు. జాబితాలోని సోమవారం రోగి ఏ మంచం మీద ఉన్నాడో కనుక్కుని ఆమెకి చూపించాలి.